అటక మీది సత్తు గిన్నె ఎక్కడికి పోతుంది?

గత కార్తీక మాసంలో అటక దులుపుతుండగా మా అత్తగారి నాటి సత్తు తపేలా ఒకటి చేతికి తగిలింది. దాని లోపలి అడుగంతా ఉప్పు తిన్న గోడవలె గుంటలు పడి ఉన్నది. వాకిట్లోకి తెచ్చి ఎండకు ఎత్తి పట్టి చూచితే, సూదిమొనంత రంధ్రాలలో నుండి వెలుతురు కనిపించింది. ఆ తపేలాలోనే మా ఇంట ఇరవై ఏళ్ళకు పైగా చేపల పులుసు కాగింది. కాగడమే కాదు, నెల్లూరు వారి అలవాటు ప్రకారం మరునాటి వరకు అందులోనే నిలువ కూడా ఉండేది. మరి ఆ గుంటలలో ఉండవలసిన లోహం ఏమైనట్లు? కొంత తోముడులో పోయింది. కొంత మా కడుపులలోనికే పోయిందని ఒప్పుకొనక తప్పదు.

ఆ తపేలాను ఏమి చేయవలెనన్న ప్రశ్నతో మొదలుపెట్టి నేను తెలుసుకొన్న సంగతులను పాఠకులతో పంచుకొందామని ఈ వ్యాసం రాస్తున్నాను. పాత సామాన్ల బండికి వేసివేస్తే తీరిపోయే పని కదా అని మీరు అనవచ్చు. నేనూ అలాగే అనుకొన్నాను. కాని మన ఇంటి నుండి బయటకు పోయిన సత్తు కరిగి, మరొక రూపం దాల్చి, తిరిగి మన వంటింటికే వచ్చే దారి ఒకటి ఉన్నదని, ఆ దారిలో ప్రమాదం పొంచి ఉన్నదని తరువాత తెలిసింది.

మనం సత్తు అనీ, కొందరు సిల్వరు అనీ పిలిచే ఈ లోహం అల్యూమినియం. పేరుకు సిల్వరే గాని వెండితో దీనికి ఏ సంబంధమూ లేదు. మన రసశాస్త్ర గ్రంథాలలో స్వర్ణం, రజతం, తామ్రం, లోహం, నాగం, వంగం, యశదం మొదలైన ధాతువులున్నాయి గాని అల్యూమినియం కనిపించదు. కారణం సులభమే. ఈ లోహాన్ని మట్టి నుండి మొట్టమొదట వేరుచేసినది 1825లో, డెన్మార్కు దేశపు శాస్త్రవేత్త అయర్‌స్టెడ్. అయితే దాని లవణం మాత్రం మన పెద్దలకు బాగా తెలుసు. నీళ్ళు తేరుకోవడానికి బిందెలో తిప్పే పటిక అల్యూమినియం లవణమే. దానినే కాంక్షి, తువరి అనే పేర్లతో ఉపరసాలలో చేర్చి, శుద్ధి చేసి ఔషధంగా వాడారు. అంటే పటికకు శాస్త్రంలో చోటున్నది గాని, సత్తు గిన్నెకు లేదు. సత్తు పాత్రలో కాచిన కషాయం మంచిదా కాదా అని శ్లోకాలలో వెతికి లాభం లేదు. ఈ విషయంలో మనకు నేటి పరిశోధనలే ఆధారం.

1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ అనే ఇద్దరు యువకులు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే విద్యుత్తుతో ఈ లోహాన్ని చౌకగా తీసే పద్ధతిని కనిపెట్టారు. ఆ తరువాత పన్నెండేళ్ళకే అది మన ప్రాంతానికి చేరింది. 1898లో మద్రాసు చిత్రకళాశాలలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఆంగ్లేయ అధికారి అల్యూమినియం పాత్రల తయారీని ప్రారంభించాడు. అప్పుడు నెల్లూరు మద్రాసు రాజధానిలోని జిల్లా. రాగి, ఇత్తడి పాత్రలకు ఏటేటా కళాయి పూయించవలసి వచ్చేది. ఈ కొత్త పాత్రకు కళాయి అక్కరలేదు, తేలిక, చౌక. ఆ మూడు గుణాలతోనే అది ఇంటింటికీ చేరింది. మా తీరంలో చేపలమ్మే స్త్రీల నెత్తిమీద ఈతబుట్టల స్థానంలో సత్తు బేసిన్లు వచ్చాయి. పులుసు కాగే మట్టిదాక స్థానంలో సత్తు తపేలా వచ్చింది. మొదటి మార్పు మంచిదే. రెండవదానిని గురించి మాత్రం కొంత చెప్పవలసి ఉన్నది.

పులుసుకు, సత్తుకు ఎందుకు పొసగదు?

అల్యూమినియం గాలి తగిలిన క్షణంలోనే తన మీద కంటికి కనిపించని ఒక పొరను కప్పుకొంటుంది. లోపలి లోహాన్ని కాపాడే కవచం ఆ పొరే. నీళ్ళు, పాలు, అన్నం వండినప్పుడు ఆ పొర చాలావరకు నిలిచే ఉంటుంది. చింతపండు, మామిడికాయ, టమోటా, నిమ్మరసం, పులిసిన మజ్జిగ వంటి ఆమ్ల పదార్థాలు తగిలితే అది కరుగుతుంది. ఉప్పు తోడైతే పొర అక్కడక్కడ చిల్లులు పడి, ఆ చిల్లుల క్రింద లోహం గుంటలుగా తినివేయబడుతుంది. నెల్లూరు చేపల పులుసులో ఏమేమి ఉంటాయో ఒకసారి తలచుకోండి. చిక్కని చింతపండు రసం, పుల్ల మామిడి ముక్కలు, ఘాటుగా ఉప్పు, ఆపైన రాత్రంతా నిలువ. సత్తును కరిగించడానికి ప్రయోగశాలలో ఇంతకంటె మంచి ద్రావణం తయారు చేయడం కష్టం! సముద్రపు గాలి ఆడే మా ఊళ్ళలో, వాడకుండా అటకన పెట్టిన పాత్రలు కూడా ఉప్పు తేమకు తెల్లని బూజువంటి పొడి పట్టి గుంటలు పడటం చూస్తూనే ఉంటాము.

అయితే ఇందులో భయపడవలసినది ఎంత? మనం తినే ఆహారంలోను, తాగే నీటిలోను సహజంగానే కొద్దిగా అల్యూమినియం ఉంటుంది. ప్రేగులు పీల్చుకొనేది అందులో అత్యల్పం. పీల్చుకొన్న దానిని కూడా ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు బయటకు పంపివేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 2011లో వారానికి శరీర బరువు కిలోకు 2 మిల్లీగ్రాముల వరకు సహించదగినదని నిర్ణయించింది. అరవై కిలోల మనిషికి ఇది వారానికి 120 మిల్లీగ్రాములు. మతిమరుపు వ్యాధికి సత్తు పాత్రలే కారణమని ఒకప్పుడు గట్టిగా ప్రచారమైంది గాని అది ఇంతవరకు రుజువు కాలేదు. నేను ఈ మాట నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే ఆ పేరు చెప్పి ఖరీదైన పాత్రలు అంటగట్టే వారు తరచు ఇంటి తలుపు తడుతుంటారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారి సంగతి మాత్రం వేరు. వారి శరీరం నుండి ఈ లోహం తేలికగా పోదు. అటువంటివారు ఉన్న ఇంట పులుపు వంటలకు సత్తును పూర్తిగా మానివేయడం మంచిది.

మిగిలిన వారికి చిన్న జాగ్రత్తలు చాలు. పులుసు, చారు, రసం, ఊరగాయ, మజ్జిగ సత్తులో నిలువ ఉంచకూడదు. కొత్త పాత్రలో వంటకు ముందు రెండు మూడు సార్లు మంచినీళ్ళు కాచి పారపోస్తే కాపుపొర గట్టిపడుతుంది. బోరు నీళ్ళు కాచితే లోపల నల్లబడుతుంది. అది విషం కాదు. దానిని పోగొట్టాలని బూడిదతోను, ఇసుకతోను, ఇనుప పీచుతోను రోజూ తోమేవారు కాపుపొరను గీకివేసి, మరునాటి వంటలో లోహం మరింత దిగడానికి తామే దారి చేస్తున్నారు. నలుపు మరీ కనులకు ఇంపుగా లేకపోతే నిమ్మతొక్కలు వేసి నీళ్ళు కాచి, ఆ నీళ్ళను పారపోసి, మెత్తని పీచుతో కడగండి. గుంటలు పడిన పాత్రను మాత్రం వంటకు ఉంచుకోకండి. దానికి కాలం తీరింది.

కాలం తీరినది పాత్రకే గాని లోహానికి కాదు

బంకమట్టిలోను, ఇటుకలోను కూడా అల్యూమినియం ఉంటుంది గాని, తవ్వి తీయదగినంత దొరికేది బాక్సైటు అనే ఎర్రని ఖనిజంలో. మన రాష్ట్రంలో అరకు, చింతపల్లి కొండలపైన ఆ నిల్వలున్నాయి. ఆ కొండలను తవ్వడం గూర్చి గిరిజనులు ఏళ్ళ తరబడి పోరాడారు. 2015లో ఇచ్చిన అటవీ అనుమతిని 2019లో రాష్ట్ర ప్రభుత్వం రద్దు చేసింది. ఒక టన్ను లోహానికి ఇంచుమించు నాలుగు టన్నుల బాక్సైటు కావలెను. దానిని క్షారంలో ఉడికించి తెల్లని పొడి తీసిన తరువాత, ఎర్రని క్షార బురద మిగిలిపోతుంది. దానిని ఎక్కడ పెట్టవలెనన్నది నేటికీ తలనొప్పే. ఆ తెల్లపొడి నుండి కిలో లోహం తీయడానికి సుమారు 14 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. బొగ్గుతో తీసిన విద్యుత్తయితే అందుకు కాలే బొగ్గు సుమారు పది కిలోలు. కృష్ణపట్నం దగ్గర నేలటూరులో మూడు 800 మెగావాట్ల యూనిట్లున్న విద్యుత్కేంద్రాన్ని, దాని బూడిద చెరువులను చూచినవారికి పది కిలోల బొగ్గు అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. అల్యూమినియం కర్మాగారాలకు కరెంటు అక్కడ నుండి పోదు, వాటికి సొంత విద్యుత్కేంద్రాలుంటాయి. కాని బొగ్గు ఎక్కడ కాలినా బూడిద బూడిదే.

అదే పాత సత్తును కరిగించి వాడుకొంటే, ఖనిజం నుండి తీయడానికి అయ్యే శక్తిలో ఇరవయ్యవ వంతు చాలు. 660 డిగ్రీల వేడికి అది కరుగుతుంది. ఎన్నిసార్లు కరిగించినా లోహం లోహంగానే ఉంటుంది. కాగితంవలె పోగు చివికిపోవడం, ప్లాస్టిక్కువలె జీవం చచ్చిపోవడం దీనికి లేదు. కనుక ఇంట్లో పాత కుక్కరు, నాలుగు గిన్నెలు కలిపి మూడు కిలోలు బండికి వేశామంటే, నలభై యూనిట్ల కరెంటును ఎవరికో మిగిల్చినట్లే.

ఇక ఇంట్లో ఏది సత్తు, ఏది కాదు? ఇందులోనే చాలామంది పొరబడతారు. అయస్కాంతం అంటుకొంటే అది ఇనుము, తగరపు పూత పూసిన డబ్బా. అంటుకోకపోతే సత్తు కావచ్చు. పాత గిన్నెలు, ఇడ్లీ రేకులు, కుక్కరు, శీతల పానీయాల డబ్బాలు, హోటలు నుండి కూర తెచ్చే రేకు డబ్బాలు, చపాతీలు చుట్టే రేకు, పెరుగు డబ్బాల రేకు మూతలు సత్తే. మన పాఠకుల ఇళ్ళలో తప్పక ఉండేది మరొకటి చెబుతాను. అరిష్టాలు, ఆసవాలు, తైలాల సీసాలకు మర తిప్పి తీసే మూతలు చాలావరకు అల్యూమినియమే. లోపలి బిళ్ళ తీసి ఒక డబ్బాలో వేస్తూ పోతే ఏడాదికి గుప్పెడు మూతలవుతాయి. దూరదర్శన్ రోజుల్లో మేడ మీద నిలబెట్టిన ఆంటెన్నా ఇంకా అలాగే ఉంటే, ఆ గొట్టాలు కూడా మంచి సత్తు. ఉప్పు గాలికి అది ఏనాటికైనా విరిగి ఎవరి నెత్తినో పడుతుంది, దింపి వేయండి.

చిప్సు పొట్లం లోపల వెండివలె మెరిసేది మాత్రం రేకు కాదు. ప్లాస్టిక్కు మీద అతి పలుచగా పట్టించిన లోహపు ఆవిరి మాత్రమే. గుప్పిట నలిపి వదలండి. రేకు నలిగినట్లే ఉండిపోతుంది. పొట్లం తిరిగి విచ్చుకొంటుంది. విచ్చుకొన్న దానిలో తిరిగి తీయదగిన సత్తు లేదు. వనభోజనాలలో వేసే వెండి రంగు కాగితపు విస్తళ్ళదీ ఇదే కథ. కార్తీక పౌర్ణమి మరునాడు మైపాడు ఇసుకలో వాటిని చూచి, ఎంత సత్తు వృథా అయిందోనని ఒకాయన బాధపడ్డాడు. సత్తు వృథా కాలేదు గాని ఇసుక చెడింది. పండ్లరసాల అట్టపెట్టెలలో ముప్పాతిక భాగం కాగితం, అయిదో వంతు ప్లాస్టిక్కు, మిగిలిన అయిదు శాతమే సత్తు రేకు. వీటిని విడదీయడానికి ప్రత్యేక కర్మాగారాలు కావలెను, బండివాడు తీసుకోడు.

మాత్రల పట్టీలు ఈ రెంటికీ మధ్యన ఉన్నవి. వెనుక రేకు సత్తే గాని, ముందు బుడగలు తరచు పీవీసీ ప్లాస్టిక్కు. ఇంటి వెనుక చెత్త కాల్చేటప్పుడు వీటిని అందులో వేసే అలవాటు చాలా ఇళ్ళలో ఉన్నది. పీవీసీ కాలితే గొంతు మండించే ఆమ్లపు పొగ, దానితోపాటు డయాక్సిన్లనే విషాలు పుడతాయి. దగ్గు మందు మాత్రలు మింగి, పట్టీని పొయ్యిలో వేసి, ఆ పొగనే పీల్చి మళ్ళీ దగ్గుతుంటాము. వాటిని పొడి చెత్తతో వేరుగా ఇవ్వండి. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల నుండీ తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకర చెత్త వేరుచేసి ఇవ్వడం ఇంటివారి బాధ్యతే.

పలుచని రేకును విడిగా ఇస్తే కొలిమిలో కరగక ముందే కాలి తెల్లని బూడిదవుతుంది. అందువల్ల రేకులను కడిగి, ఆరబెట్టి, ఒకదానిపై ఒకటి చుట్టి పిడికెడు ఉండ చేయవలెను. ఇది మా ఇంటి పిల్లలకు మంచి ఆటగా మారింది. కూర మరకలున్న రేకు ఉండ మూడోనాటికి చీమలకు పండుగ అవుతుంది గనుక కడగడం మరువకండి. దోమల మందు, సెంటు చల్లే డబ్బాలు ఖాళీ అయినట్లు కనిపించినా లోపల వాయువు ఉంటుంది. వాటిని నలపకూడదు, గుచ్చకూడదు, మంటలో వేయకూడదు.

పాత సామాన్ల కొట్టులో నేను చూచినది

తపేలాతోపాటు పాత కుక్కరును కూడా మా వీధికి వచ్చే బండి అబ్బాయికి ఇవ్వబోతే అతడు దానిని తిప్పి చూచి, “పెద్దమ్మా, దీంట్లో ఇనప మరలుండాయి, రబ్బరుండాది. తీసేసిస్తే రేటు వేరే” అన్నాడు. అది విని నాకు కుతూహలం కలిగి, అతడు సరుకు వేసే కొట్టుకు వెళ్ళాను. కొట్టు యజమాని ఓపికగా అన్నీ చూపించాడు. రేకు సత్తు ఒక కుప్ప, పోత సత్తు ఒక కుప్ప, తీగలు ఒక కుప్ప. వేటి గుణం వాటిది. తీగ దాదాపు శుద్ధమైన లోహం. పోత సామానులో గట్టిదనానికి సిలికాన్, రాగి వంటివి కలుపుతారు. ఈ సరుకు లారీలలో చెన్నై వైపు పోతుందని, అక్కడ పెద్ద కొలుములలో కరిగిస్తారని చెప్పాడు.

పెద్ద కొలిమిలో జరిగే పని ఇది. కరిగిన లోహం గాలికి కాలిపోకుండా పైన ఉప్పుల మిశ్రమాన్ని తెట్టెగా కప్పుతారు. అందులో ముఖ్యమైనది మన ఇసకపల్లి కొటార్లలో పండే ఉప్పే. మురికి ఆ తెట్టెలో చేరుతుంది, దానిని గరిటెలతో తీసివేస్తారు. లోపల చిక్కిన వాయువును పోగొట్టి, నమూనా తీసి పరీక్షించి, తక్కువైన లోహాలను కలిపి దిమ్మెలుగా పోస్తారు. తీసివేసిన తెట్టెకు తడి తగిలితే అమ్మోనియా కంపు కొడుతుంది. అందుచేత దానిని చెరువుల దగ్గర, కాలువల దగ్గర పారబోయకూడదు.

కొట్టు నుండి వచ్చే దారిలో ఊరి చివర ఒక చిన్న రేకుల పాకలో మరొక కొలిమిని చూచాను. అక్కడ తెట్టె లేదు, పరీక్ష లేదు. ఒక మూసలో పాత గిన్నెలు, మోటారు ముక్కలు, టంకం అతికిన రేడియేటరు తునకలు, రంగు పూసిన రేకులు కలిసి కరుగుతున్నాయి. ఏమి చేస్తారని అడిగితే, మూకుళ్ళు, అట్ల పెనాలు పోస్తామన్నారు.

ఇక్కడ ఒక సూక్ష్మం గ్రహించవలసి ఉన్నది. రాగిని కరిగించి గాలి ఊదితే దానిలోని చాలా మాలిన్యాలు ముందు కాలి పైకి తేలుతాయి, రాగి నిలుస్తుంది. అల్యూమినియం స్వభావం అందుకు విరుద్ధం. సీసం, రాగి, ఇనుముల కంటె ముందు అల్యూమినియమే కాలుతుంది. కనుక కరిగిన సత్తులో ఒకసారి సీసం చేరితే, మామూలు కొలిమిలో దానిని తిరిగి తీయడం సాధ్యం కాదు. ధాతువులను కాల్చి తైలం, తక్రం, గోమూత్రం, కాంజికం, ఉలవ కషాయాలలో ముంచి శోధించే మన రసశాస్త్ర పద్ధతిని ఎవరైనా దీనికి ప్రయోగించబోతే, వారికి నా హెచ్చరిక: కరిగిన అల్యూమినియానికి తడి తగిలితే తుపాకి మందువలె పేలుతుంది. ఇంట్లో రేకులు కరిగించే ప్రయోగాలు ఎవరూ చేయవద్దు. శుద్ధి కొలిమిలో జరిగే పని కాదు. కొలిమికి చేరక ముందు, ఏరేటప్పుడు జరగవలసిన పని.

సీసాన్ని నాగం అనే పేరుతో మన శాస్త్రం ఎరుగును. శోధించని నాగాన్ని రోగహేతువుగానే చెప్పింది. శోధించినదైనా వైద్యుని పర్యవేక్షణ లేకుండా తీసుకొనరాదని నా అభిప్రాయం. నేటి వైద్యం చెప్పేది మరింత స్పష్టం. సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ లేదు. అది రక్తహీనతను, కడుపునొప్పిని, మలబద్ధకాన్ని కలిగిస్తుంది, రక్తపోటును పెంచుతుంది. పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. గర్భిణి రక్తం నుండి శిశువుకు చేరుతుంది. 2014లో ఆఫ్రికా ఖండంలోని కామెరూన్ దేశంలో తుక్కుతో పోసిన వంట పాత్రలను పరీక్షించగా వాటి నుండి సీసం దిగుతున్నట్లు తేలింది. 2017లో పది దేశాల నుండి తెప్పించిన 42 పాత్రలలో పలుచని ఆమ్లాన్ని కాచి చూస్తే, మూడో వంతుకు పైగా పాత్రలు సీసం విషయంలో ప్రమాదకరమని తేలింది. మన దేశపు పాత్రలు కూడా వాటిలో ఉన్నాయి. 2025 ఆగస్టులో అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ, మన దేశంలో తయారైన ఒక రకం పాత్రల నుండి సీసం దిగుతున్నదని, హిండాలియం, ఇండాలియం వంటి పేర్లతో వచ్చే మిశ్రమ లోహపు పాత్రల విషయంలో జాగ్రత్త అవసరమని ప్రకటించింది.

దీనికి అర్థం కరిగించిన సత్తు అంతా చెడ్డదని కాదు. సరిగా ఏరి, పరీక్షించి పోసిన లోహానికి, గని నుండి వచ్చిన లోహానికి భేదం లేదు. ఏరని తుక్కు కూడా మోటారు సైకిలు ఇంజను భాగమైతే ఎవరికీ హాని లేదు. అది పులుసు మూకుడు కాకూడదు, అంతే.

మా తమ్ముని ఇంట జరిగినది

మా మేనకోడలు ఆరవ నెలలో సీమంతానికి పుట్టింటికి వచ్చింది. నేను వెళ్ళిన రోజున పొయ్యి మీద దళసరి మూకుడు ఒకటి కొత్తగా కనిపించింది. ముద్ర లేదు, పేరు లేదు. సంతలో తూకం మీద కొన్నారట. అందులో టమోటా పచ్చడి మగ్గుతున్నది. నేను చూచిన పాకలో పోసినదో కాదో నాకు తెలియదు. చెప్పగలవారూ లేరు.

“వదినా, బరువు చూడండి, ఎంత గట్టిగా ఉండాదో! పదేళ్ళు వస్తాది” అని మా మరదలు ముచ్చటపడింది.

బరువును బట్టి, మెరుపును బట్టి, మ్రోతను బట్టి సీసం ఉన్నదీ లేనిదీ చెప్పలేము. ప్రయోగశాల పరీక్ష ఒక్కటే మార్గం. ఆ మాట చెబితే ఆమె ముఖం చిన్నబోయింది. ఇంతకాలం వండుకొని తింటూనే ఉన్నాము కదా అన్నది. ఆ వాదనకు నా దగ్గర సూటి సమాధానం లేదు. మా అత్తగారి తపేలా సంగతి చెప్పాను. కాని ఆ తపేలాలో కరిగినది సత్తు. ఇందులో కరిగేది ఏమిటో తెలియదు. తెలియని దానిని కడుపులో ఉన్న బిడ్డ మీద పరీక్షించి చూడటం దేనికి అన్నాను. మేనకోడలు మాట్లాడకుండా లేచి వెళ్ళి, పచ్చడిని స్టీలు గిన్నెలోనికి మార్చబోయింది. అది కూడా వద్దని, పారబోయించాను. మంచి టమోటాలు పోయాయని మా మరదలు ఆ పూటంతా నాతో ముభావంగానే ఉన్నది.

వైద్యురాలితో ఈ సంగతి చెప్పి, రక్తంలో సీసం పరీక్ష చేయించమని అడగవలసిందిగా చెప్పాను. ఇందుకు ఇంటి చిట్కా ఏదైనా ఉన్నదా అని పాఠకులు రాయవచ్చు. లేదు. కొత్తిమీర రసం, వెల్లుల్లి సీసాన్ని దించివేస్తాయని నమ్మి పరీక్షను మానుకొనడం పొరపాటు. చేయవలసిన మొదటి పని సీసం వచ్చే దారిని మూయడం. ఇనుము, కాల్షియం చాలినంతగా ఉన్న శరీరం సీసాన్ని తక్కువగా పీల్చుకొంటుంది గనుక రాగులు, ఆకుకూరలు, పాలు, వైద్యులు ఇచ్చే ఇనుము మాత్రలు గర్భిణులు మానకూడదు. అంతవరకే ఆహారం చేయగలిగినది.

కొనేటప్పుడు ఏమి చూడవలెను? 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం అల్యూమినియం వంట పాత్రలను భారతీయ ప్రమాణ సంస్థ ముద్రతోనే అమ్మవలెనని ఉత్తర్వు జారీ చేసింది. వాటి ప్రమాణం ఐఎస్ 1660. ప్రెషర్ కుక్కర్లకు ఐఎస్ 2347. ఐఎస్ఐ ముద్ర, దాని మీద ఈ అంకె, తయారీదారు పేరు లేని పాత్రను ఎంత చౌకైనా వంటకు కొనవద్దు. పులుసుకు మట్టిదాక, స్టీలు, లోపల కళాయి ఉన్న పాత్ర మేలు. కళాయి కూడా శుద్ధమైన తగరంతోనే పూయించవలెను. సీసం కలిపిన కళాయి వేసే మోసం మన తాతల కాలం నుండీ ఉన్నదే.

ఇక ఇచ్చేటప్పుడు. మన చేతిలో ఉన్నది ఏరడం ఒక్కటే గనుక దానిని శ్రద్ధగా చేయండి. కుక్కరు పిడులు, రబ్బరు, మరలు తీసివేయండి. మూతలోని సేఫ్టీ వాల్వును ప్రత్యేకంగా విప్పించండి. వేడికి త్వరగా కరగడానికి అందులో పెట్టే మెత్తని మిశ్రమలోహంలో తగరంతోపాటు సీసం ఉండవచ్చు. టంకంతో మాటు వేయించిన గిన్నెను, రంగు పూసిన రేకును, బ్యాటరీలను, పాత రేడియో ముక్కలను సత్తుతో కలిపి ఒకే సంచిలో వేయకండి. బండి అబ్బాయికి వేరు వేరుగా ఇచ్చి, ఏది ఏమిటో చెప్పండి. ఏరి ఇచ్చిన సరుకుకు అతనికి కొట్టులో ఎక్కువ ధర వస్తుంది. మీతో బేరం కూడా అంత గట్టిగా ఆడడు.

చివరకు ఆ మూకుడును ఏమి చేయవలెనన్నది తేలలేదు. బండికి వేస్తే, బాగానే ఉన్నదని ఎవరో ఒకరు వంటకు కొనుక్కొంటారు. ఇంట్లో ఉంచితే ఏనాటికో ఎవరో మరచిపోయి పొయ్యి ఎక్కిస్తారు. రెండు రోజులు ఆలోచించి, మా తమ్మునిచేత మేకుతో దాని అడుగున నాలుగు పెద్ద చిల్లులు కొట్టించాను. దానిని, మా అత్తగారి తపేలాను తీసుకొని నేనే కొట్టుకు వెళ్ళాను. తపేలాను రేకు కుప్పలో వేయించి, మూకుడును మాత్రం ఇంజను ముక్కల కుప్పలో వేయమని, అది చెన్నై లారీకే ఎక్కించమని యజమానిని అడిగాను. ఆయన చిల్లుల వంక చూచి నవ్వి, “అట్టే చేస్తాలేండమ్మా” అని, మూకుడును తూచకుండానే ఆ కుప్ప మీదికి విసిరాడు.